మెత్తని మందు, గట్టి మందు, ఇద్దరు తల్లులు

మొన్న ఒక కుర్ర డాక్టరు మా ఇంటికి వచ్చాడు. పిల్లల జబ్బుల్లో పెద్ద చదువే చదివాడు. కూర్చోగానే, "మేడమ్, పిల్లల్లో పెద్దపేగు పుండ్ల జబ్బు కనిపెట్టగానే మొదటే గట్టి మందు వేసెయ్యాలా, లేక మెత్తని మందుతో మొదలుపెట్టి, చాలకపోతే మెల్లగా పైకి వెళ్ళాలా? మీ కాలంలో ఏం చేసేవాళ్ళు?" అని అడిగాడు. పాపం, మర్యాదగానే అడిగాడు. నాకే ఒళ్ళు మండింది. కాఫీ ఇచ్చి, వాతావరణం గురించి నాలుగు మాటలు మాట్లాడి పంపేశాను. తర్వాత నాకే బాధనిపించింది. అందుకని జవాబు ఇక్కడ రాస్తున్నాను. అతనిలాంటి చిన్నవాళ్ళందరూ చదువుకోవచ్చు. చదివాక ఏదో తేలిపోతుందని మాత్రం ఆశపడకండి, నాకే ఏమీ తేలలేదు.

ఎనభైల మొదట్లో నేను మదనపల్లెలో ఒక ఆస్పత్రిలో పిల్లల వార్డు చూసేదాన్ని. ఈ పేగు జబ్బు పిల్లలకు వస్తుందంటేనే చాలామంది డాక్టర్లు నమ్మేవాళ్ళు కాదు. పిల్లవాడికి నెత్తురు విరేచనాలంటే చాలు, జిగట విరేచనాల మాత్రలు రాసేవాళ్ళు. తగ్గకపోతే మళ్ళీ అవే. అప్పటికీ తగ్గకపోతే ఇంకో డాక్టరు, ఇంకో పేరుతో అవే మాత్రలు. ఇంట్లోవాళ్ళు చేసేది ఇంకో అన్యాయం. కడుపు చెడింది కదా అని సంగటి మానిపించి, పాలు మానిపించి, పప్పు మానిపించి, నెలల తరబడి ఉత్త గంజి మీద ఉంచేవాళ్ళు. మా దగ్గరికి చేరేసరికి ఆ పిల్లల్లో కళ్ళు తప్ప ఏమీ మిగిలేవి కావు.

మా విభాగానికి పెద్ద ఒకాయన ఉండేవారు. మదరాసులో చదివారు. పేగు లోపలికి చూసే ఇనుప గొట్టం ఆ చుట్టుపక్కల ఆయన ఒక్కరి దగ్గరే ఉండేది. దాన్ని ఆయన తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. చేతివాటం గొప్పది, మనిషి నెమ్మది. ఆ నెమ్మదితోనే నా ప్రాణం తీసేవారు. దేనికైనా "తొందరెందుకమ్మాయ్" అనేవారు. ఈ జబ్బుకు ఆయన పద్ధతి ఒకటే. ముందు పసుపు రంగు సల్ఫా మాత్రలు. అవి మెల్లగా పనిచేస్తాయి, ఒంటికి పెద్ద చెరుపు చెయ్యవు. వాటికి లొంగకపోతేనే స్టెరాయిడ్. నా వాదం దానికి తలకిందులు. పిల్లవాడు నెత్తురు పోగొట్టుకుంటూ ఎముకలు తేలి పడి ఉంటే మెల్లగా ఏమిటి? ముందే స్టెరాయిడ్ గట్టిగా వేసి మంట ఆర్పేసి, తర్వాత తగ్గించుకుంటూ రావాలి. ఆయనకు స్టెరాయిడ్ అంటే భయం. నాకు ఆలస్యం అంటే భయం. క్యాంటీన్‌లో మా ఇద్దరి వాదన మొదలైతే మిగతావాళ్ళు గ్లాసులు పట్టుకుని పక్క బల్లకు వెళ్ళిపోయేవాళ్ళు.

ఏడాదికి ఒక్క కేసు కనిపిస్తే గొప్ప అనుకునే ఆ జబ్బు, ఒకే నెలలో ఇద్దరు పిల్లలకు కనిపించింది. ఒకడు పుంగనూరు పిల్లవాడు, తొమ్మిది పదేళ్ళవాడు. వాళ్ళ నాన్నకు పరుపులు కుట్టే దుకాణం. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. రెండోది గుడుపల్లె దాటి కుప్పం పక్క ఊరి పిల్ల. ఈడు ఇంచుమించు అదే. వాళ్ళు మల్బరీ వేసి పట్టుపురుగులు మేపుకునేవాళ్ళు. పెద్దాయన గొట్టం వేసి చూశారు, ముక్క తీసి మదరాసు పంపారు, ఇద్దరికీ అదే జబ్బని ఖాయమైంది. ఇద్దరికీ పక్కపక్క మంచాలు ఇచ్చాం.

ఆ రోజు పెద్దాయన మొహం చూడాలి, పెళ్ళివారింటి నుంచి వచ్చినట్టు వెలిగిపోతోంది. "అమ్మాయ్, మన తగవు తీరేట్టుంది. ఒకరికి నీ పద్ధతి, ఒకరికి నా పద్ధతి. ఏది మేలో చూసి డాక్టర్ల సభలో చదువుదాం" అన్నారు. ఇద్దరు పిల్లలతో ఏం తేలుతుందని నేనడగాలి. కానీ ఎట్టకేలకు ఒక్క పిల్లవాడికైనా నేను చెప్పిన మందు పడుతుందన్న సంబరంలో సరేనన్నాను. ఎవరికేది అన్నది ఆయనే తేల్చారు. స్టెరాయిడ్ వేస్తే తరచుగా చూస్తుండాలి, పుంగనూరు దగ్గర కాబట్టి ఆ పిల్లవాడికి స్టెరాయిడ్, అంటే తెల్ల మాత్రలు. కుప్పం దూరం కాబట్టి ఆ పిల్లకు పసుపు మాత్రలు.

ఇక ఆ తల్లుల సంగతి. పుంగనూరు తల్లి గట్టి మనిషి, గొంతు వార్డు ఈ చివర నుంచి ఆ చివరకు వినిపించేది. కుప్పం తల్లి అడిగినదానికి తలూపడం తప్ప మాట్లాడేది కాదు. మంచాల మధ్య ఉన్న కాస్త చోటులో ఇద్దరూ చాప పరుచుకున్నారు. వారం తిరక్కముందే ఒకే కిరసనాయిలు పొయ్యి, ఒకే సబ్బు, ఒకే నూనె సీసా. కుప్పం తల్లి పుంగనూరు తల్లిని ఉర్దూలో అక్కను పిలిచినట్టు "ఆపా" అనేది, ఆమె ఈమెను "అక్కా" అనేది. ఎవరు పెద్దో నాకు ఇప్పటికీ తెలియదు. ఒకామె స్నానానికి వెళ్తే ఇంకొకామె ఇద్దరు పిల్లలకూ ముద్దలు పెట్టేది. మా వార్డులో పొద్దున్నే సిస్టరు ఆ రోజు మాత్రలన్నీ కాగితంలో పొట్లం కట్టి తల్లుల చేతికి ఇచ్చేసేది. నర్సులు తక్కువ, పిల్లలు ఎక్కువ. ఏ పూటకు ఏది అన్నది తల్లే చూసుకోవాలి. చూసుకున్నారు, బ్రహ్మాండంగా చూసుకున్నారు!

కొన్ని వారాలు గడిచాయి. నా తల తిరిగిపోయింది. గట్టి మందు పడుతున్న పుంగనూరు పిల్లవాడు కొంత తేరుకుని అక్కడే ఆగిపోయాడు. నెత్తురు తగ్గుతుంది, మళ్ళీ కనబడుతుంది. నేను మాత్రలు పెంచాను. కాస్త మెరుగు, మళ్ళీ అంతే. మెత్తని మందు పడుతున్న కుప్పం పిల్ల మాత్రం చకచకా కోలుకుంది. లేచి తిరిగింది, సంగటి అడిగింది, బుగ్గలు పూరీల్లా పొంగాయి. "చూశావా అమ్మాయ్, మెల్లగా వెళ్తే ఒంటికి పడుతుంది" అని పెద్దాయన ఆ పిల్ల బుగ్గ గిల్లి మరీ నాకు చూపించేవారు. నేను పళ్ళు నూరుకునేదాన్ని. స్టెరాయిడ్ పడితే మొహం గుండ్రంగా పొంగుతుందని ఆ వార్డులో మా ఇద్దరికీ తెలుసు. కానీ పొంగాల్సిన మొహం పక్క మంచంలోది కదా! అటు చూస్తే అది కాస్తే పొంగింది. ఒకరోజు ఆ పిల్లవాడి పైజామా మీద ముదురు పసుపు మరక చూశాను. సల్ఫా మాత్రలు మింగితే మూత్రం ఆ రంగుకు వస్తుంది. "ఇదేమిటమ్మా?" అని అడిగాను. "పసుపు అంటుకుండాదిలే డాక్టరమ్మా, కూరలో యేస్తాంటే" అంది తల్లి, నా కళ్ళలోకి సూటిగా చూసి. నేను నమ్మేశాను. ఇంత చదువు చదివి కూర పసుపు దగ్గర ఆగిపోయాను.

ఇద్దరినీ ఇంటికి పంపాం. నెలకోసారి వచ్చి చూపించుకుని మందులు తీసుకెళ్ళాలి; పిల్లవాడు మాత్రం దగ్గరే కాబట్టి నెల మధ్యలో ఇంకోసారి వచ్చి, మిగతా సగం నెల తెల్ల మాత్రలు తీసుకెళ్ళాలి. ఆ నెలవారీ చూపుకు ఇద్దరు తల్లులూ ఎప్పుడూ ఒకే రోజు వచ్చేవాళ్ళు, ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళు. అదంతా క్రమశిక్షణ అనుకుని మెచ్చుకున్నాను కూడా. పిల్లవాడి సంగతి మాత్రం నానాటికీ నాకు గుబులు పుట్టించింది. స్టెరాయిడ్ తగ్గించబోతే నెత్తురు, తగ్గించకపోతే ఎముకలు పాడు. పెద్దాయన ఒకరోజు నెమ్మదిగా అన్నారు, "అమ్మాయ్, నీ గట్టి మందు వీడిమీద ఓడిపోయింది. ఇంకా సాగదీస్తే పిల్లవాడు దక్కడు. మదరాసు పంపి పెద్దపేగు తీయించేద్దాం." తీసేస్తే పొట్ట మీద సంచి తగిలించుకుని బతకాలి. పదేళ్ళవాడికి! ఇంకో నెల గడువివ్వండని బతిమాలాను. సరేనన్నారు గానీ, సభలో చదవబోయే వ్యాసానికి మెత్తని మందే గెలిచిందని ముగింపు రాసేసుకున్నారు.

ఆ నెలలోనే బస్సులవాళ్ళు సమ్మె కట్టారు. కుప్పం నుంచి పలమనేరు మీదుగా మా వైపు వచ్చే బస్సులన్నీ ఆగిపోయాయి. వారం పైనే అయింది. ఒక మధ్యాహ్నం, ఎండ మండిపోతుండగా, టమాటాలు ఎత్తుకోవడానికి ఖాళీగా వస్తున్న లారీ ఒకటి ఆస్పత్రి గేటు ముందు ఆగింది. అందులోంచి కుప్పం పిల్లను చేతుల మీద దించారు. ఆ పొంగిన బుగ్గలు అలాగే ఉన్నాయి, మనిషి మాత్రం వేలాడిపోతోంది. వాంతులు, కడుపు పట్టుకుని మూలుగు. ఒళ్ళు చల్లబడింది, నాడి వేలికి దొరకడం లేదు, రక్తపోటు అట్టడుక్కు పోయింది. తండ్రి ఏదో చెప్పబోయి ఏడ్చేశాడు. తల్లి పిల్ల అరికాళ్ళు రుద్దుతూ కూర్చుంది.

పెద్దాయన వచ్చి చూశారు. మొట్టమొదటిసారి ఆయన మొహంలో తొందర కనిపించింది. "పేగు చిట్లింది. సర్జన్‌ని పిలవండి, పొట్ట తెరవాలి" అన్నారు. ఎక్సరే తీద్దామంటే కరెంటు లేదు. ఎండాకాలం మదనపల్లెలో కరెంటు ఎప్పుడు పోవాలో దానికి బాగా తెలుసు. నేను పిల్ల పొట్ట మీద చెయ్యి వేసి నొక్కాను. నొప్పని మూలిగింది గానీ పొట్ట మెత్తగానే ఉంది. పేగు చిట్లితే చెక్కలా బిగుసుకోవాలి. స్టెరాయిడ్ మింగేవాళ్ళలో బిగుసుకోకపోవచ్చు, కానీ ఈ పిల్ల మింగేది సల్ఫా కదా. ఏదో లెక్క కుదరడం లేదు. సర్జన్ అప్పటికే చేతులు కడుక్కుంటున్నాడు. నాడి అందని పిల్లకు మత్తు ఇస్తే తిరిగి లేస్తుందన్న నమ్మకం అతనికీ లేదు, నాకూ లేదు.

అప్పుడు తలుపు దగ్గర గొడవ. పుంగనూరు తల్లి వార్డు బాయ్‌ని మోచేత్తో నెట్టి లోపలికి దూసుకొచ్చింది. దారిలో పుంగనూరులో ఆమె కూడా ఆ లారీయే ఎక్కిందని తర్వాత తెలిసింది.

"ఎవరమ్మా నిన్ను రానిచ్చింది? బయటికి నడు!" అని అరిచాను.

"నేను పోను. ఆ బిడ్డికి మాత్ర నిలిచిపాయ డాక్టరమ్మా, అందుకే ఇట్లయింది. బస్సులు లేకపాయ, నేనెట్ల పంపించేది?"

"ఏం మాత్ర? ఆమె మాత్రలు ఆమె దగ్గరుంటాయి, నువ్వు పంపేదేమిటి?"

"తెల్లవి. మావోడివి."

"మీవాడి మాత్రలు ఈ పిల్లకెందుకమ్మా!"

"సగం సగం చేసుకుంటాండాం గదా" అంది, ఇది కూడా తెలియదా అన్నట్టు. "ఆస్పత్రిలో ఉన్నెప్పట్నించీ అట్లే. మావోడి తెల్లవి సగం ఆ బిడ్డికి, ఆ బిడ్డి పసుపువి సగం మావోడికి. ఇంటికి పోయినంక నేను పొట్లం కట్టి కుప్పం బస్సు కండక్టరుకిస్తా. వాళ్ళాయన గుడుపల్లెలో నిలబడి తీసుకుంటాడు. వాళ్ళవి అట్లే ఈ పక్కకొస్తాయి."

మన సీమలో బస్సు కండక్టరుకు ఇచ్చి పంపనిదంటూ లేదు. కరివేపాకు కట్టలు, కుట్టిన రవికెలు, మరిచిపోయిన గొడుగులు, పెళ్ళిపత్రికలు, అన్నీ పోతాయి. మా తగవు తేల్చాల్సిన మందులు కూడా పోతున్నాయన్నమాట, టికెట్టు లేకుండా.

తర్వాతి క్షణం అంతా అర్థమైంది. నెలల తరబడి స్టెరాయిడ్ అలవాటైన ఒళ్ళు, అలాంటి పదార్థాన్ని సొంతంగా తయారుచేసుకోవడం మానేస్తుంది. మందు ఉన్నట్టుండి ఆగితే ఇలాగే కుప్పకూలుతుంది. వాంతులు, కడుపునొప్పి, పడిపోయిన రక్తపోటు, చూసేవాళ్ళకు పేగు చిట్లినట్టే ఉంటుంది. ఇది అదే అయితే ఇంజెక్షన్‌తో లేస్తుంది, పొట్ట తెరిస్తే బల్ల మీదే పోతుంది. నిజంగానే పేగు చిట్లి ఉంటే, ఇంజెక్షన్ ఇచ్చి కూర్చోవడం అంటే మనమే చేతులారా ఆలస్యం చేసినట్టు. నేను పెద్దాయన వైపు చూశాను. ఆయన పిల్ల బుగ్గల వైపు చూస్తున్నారు. తను గిల్లి చూపించిన బుగ్గలవి.

"ఇంజెక్షన్ ఇవ్వమ్మాయ్," అన్నారు. "తొందరగా."

ఉబ్బసం వాళ్ళ కోసం దాచి ఉంచిన స్టెరాయిడ్ ఇంజెక్షన్ తెచ్చి నరానికి ఇచ్చాం, సెలైన్ వేగంగా వదిలాం. సర్జన్ గ్లౌజులు తొడుక్కునే నిలబడ్డాడు. మాట్లాడింది పుంగనూరు తల్లి ఒక్కతే, గోడకు ఆనుకుని అల్లాను పిలుస్తూ, మధ్యమధ్యలో నన్ను కూడా ఏదో అంటూ. పొద్దువాలేలోపు నాడి చేతికి అందింది. ఒళ్ళు వెచ్చబడింది. పిల్ల కళ్ళు తెరిచి, నీళ్ళు కావాలంది. సర్జన్ గ్లౌజులు తీసి బల్లమీద పడేసి వెళ్ళిపోయాడు.

భయం తీరాక కోపం వస్తుంది, అది మనిషి స్వభావం. నాకు కొంచెం ఎక్కువే వచ్చింది. ఇద్దరినీ వరండాలో నిలబెట్టి దులిపేశాను. "అక్కడ ఆ పిల్లవాడికి పేగు తీసెయ్యమని మదరాసుకు రాసేస్తున్నాం, తెలుసా? మందు పనిచెయ్యలేదని! సగం మందు మింగితే ఏం పనిచేస్తుంది? ఇక్కడ ఈ పిల్ల చావు దాకా పోయింది. ఒక్కమాట నాతో చెప్తే మీ సొమ్మేం పోయింది?"

పుంగనూరు తల్లి కొంగు ముడి విప్పింది. అందులో తెల్ల మాత్రలు. "ఇవి ఆ బిడ్డివి. బస్సులు లేనప్పుడు కూడా మావోడికి సగమే ఇస్తి. ఆ బిడ్డివి ముట్టలేదు, ఎత్తిపెడ్తి," అంది. కన్నకొడుకు నెత్తురు పోగొట్టుకుంటుంటే, చేతిలో మందు పెట్టుకుని కూడా ముట్టలేదట. ఈ నిజాయితీని ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు, తల పట్టుకున్నాను.

అంతవరకూ తలవంచుకుని ఉన్న కుప్పం తల్లి అప్పుడు నోరు తెరిచింది. ఆమె అన్ని మాటలు మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

"ఇద్దురు పిలకాయలకీ ఒగటే జబ్బని మీరే అంటిరి. ఒగరికి తెల్లవి ఇస్తిరి, ఒగరికి పసుపువి ఇస్తిరి. యాల అని మాకెవురన్నా సెప్పినారామ్మా? ఏది మంచిదో మీకే తెలీదని క్యాంటీన్ కాడ మీరిద్దురూ అరుసుకుంటాంటే ఆపా వినుండాది. నా బిడ్డి బాగై ఆ పిల్లోడు పోతే, నేను ఆపా మొగం ఎట్ల సూడల్ల? అందుకే రెండూ ఇద్దురికీ యేసినాం. బాగైతే ఇద్దురూ బాగు కావల్ల."

"నన్ను అడగొచ్చు కదా," అన్నాను. గొంతు అప్పటికే తగ్గింది.

"అడిగితే తిడ్తారు కదమ్మా మీరు."

నేను వెనక్కి తిరిగి చూశాను. పెద్దాయన గుమ్మంలోనే ఉన్నారు, అంతా విన్నారు. మర్నాడు ఆయన మదరాసుకు రాసిన ఉత్తరం చించేశారు. సభకు రాసుకున్న వ్యాసం మాత్రం నా బల్ల మీద పెట్టి, "ముగింపు ఏం రాయమంటావ్ అమ్మాయ్? గెలిచింది కండక్టరు అని రాయనా?" అన్నారు. ఆయన నవ్వడానికి ప్రయత్నించారు గానీ కుదరలేదు. ఆ వ్యాసం ఎక్కడా చదవలేదు.

కాబట్టి కుర్ర డాక్టరుకు నా జవాబు ఇది. గట్టి మందు ముందా, మెత్తని మందు ముందా? ఏమో నాయనా. మేం పోల్చి చూద్దామని కూర్చున్నాం, పోల్చడానికి ఏమీ మిగల్లేదు. ఇప్పుడు మీ దగ్గర వేలమంది పిల్లల లెక్కలున్నాయి, సంతకాలు పెట్టించుకునే కాగితాలున్నాయి. మంచిదే. కానీ ఆ కాగితం మీద సంతకం చేసిన తల్లి పక్క మంచం వైపు ఎలా చూస్తోందో కూడా ఒకసారి చూడు.

ఆ ఇద్దరు పిల్లలనూ మళ్ళీ వార్డులో చేర్చుకున్నాం, మళ్ళీ పక్కపక్కనే. ఇద్దరికీ రెండు మందులూ, పూర్తి మోతాదులో, సమానంగా. ఏ మాత్ర ఎందుకో, ఏది ఆపితే ఏమవుతుందో తల్లులిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాం. నేను చెప్పాను, పెద్దాయన మళ్ళీ చెప్పారు. ఇద్దరూ శ్రద్ధగా విని తలూపారు. పిల్లవాడికి నెత్తురు ఆగింది. మదరాసు మాట ఇక ఎవరూ ఎత్తలేదు.

ఒక పొద్దున రౌండ్స్‌కు వెళ్ళేసరికి ఇద్దరూ చాప మీద ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. రెండు పొట్లాలూ విప్పి ఒకే పళ్ళెంలో పోసి, తెల్లవీ పసుపువీ కలిపేసి, మళ్ళీ రెండు కుప్పలుగా పంచుతున్నారు.

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "ఏమమ్మా, ఇప్పుడు ఇద్దరికీ ఒకటే ఇస్తున్నాం కదా! ఇంకా పంచేదేముంది?"

కుప్పం తల్లి తలెత్తకుండా ఇంకో మాత్ర అటు జరిపింది.

"ఒగటేనని మీరంటాండారు డాక్టరమ్మా. మేమూ సూసుకోవల్ల గదా."